గోవిందమ్మ నీళ్ల పాట

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన కొత్తల్లో మార్కాపురం కాశయ్య పేరు దేశదేశాల్లో మోగిపోయేది. పగలంతా కార్ఖానాలో కూర్చుని పలకలు నున్నగా రుద్దేవాడు, రుద్దుతానే పాటలు కట్టేవాడు. సాయంత్రం చర్చిలో హార్మోనియం వాయించే నతానియేలుకు పాడి వినిపిస్తే, ఆయన దొరల పద్ధతిలో స్వరాలు కాగితం మీద పెట్టేవాడు. ఆ కాగితం ఓడెక్కి, ఎక్కడో మంచు కురిసే ఊళ్లలో జరిగే పాటల పోటీలకు పోయేది. బహుమతి వచ్చినప్పుడల్లా "మనోడు మామూలోడు కాదబ్బా!" అని ఊరు పొంగిపోయేది.

అన్నీ సొంత పాటలే అనుకునేరు! మాటలు కాశయ్యవి. వరసలు మాత్రం కలుపు తీసే ఆడోళ్లవి, బండ్లు తోలేవాళ్లవి. ఆ పక్కల ఒకరి పాట ఇంకొకరు తీసుకుంటే మొదటివాళ్ల నోట్లో అది ఇంక ఉండదు. చెంబు తీసుకుపోతే చెంబు పోయినట్టే. అందుకే పళ్లెంలో ఆకూవక్కా పెట్టి, "నీ పాట నాకియ్యి" అని అడిగి తీసుకోవడం ఆనవాయితీ. ఇష్టమైనోళ్లు పళ్లెం అందుకుని ఇచ్చేవాళ్లు, లేనోళ్లు పొమ్మనేవాళ్లు. కాశయ్య అందరినీ అట్లనే అడిగినాడు, ఒక్క అక్కను తప్ప. తోడబుట్టినదానికి ఆకూవక్కా ఏంది, పరాయిదా అనుకున్నాడు.

కొమరోలు దగ్గరి పల్లెలో ఆ అక్క గోవిందమ్మ గొర్రెల్ని నీళ్లకు పిలిచే పాట ఒకటుండేది. కాశయ్య విని వచ్చి పోటీకి పంపించేసినాడు. ఆ మధ్యాహ్నమే బావి గట్టున గోవిందమ్మ నోరు తెరిస్తే ఉత్త గాలి వచ్చింది.

"పాట పోయిందంట కదమ్మే, ఈల వేసి చూడు," అన్నారు ఇరుగుపొరుగు.

ఈలకు అవి వింటాయా? ఆ పాట వింటే తప్ప తొట్టిలో మూతి పెట్టని గొర్రెలాయె. ఒక్కొక్కటే ఎండకు కూలబడి చచ్చినాయి. గుట్ట మీది గుంటల్లో ఇన్ని నీళ్లు దొరికినవే మిగిలినాయి.

సంగతి చెవిన పడ్డాక కాశయ్యకు అన్నం సయించలేదు. పోయి అక్క కాళ్ల మీద పడదామనుకున్నాడు. ఇంతలో పాట పోయిన ఆ మంచు దేశం నుంచి పిలుపు వచ్చింది. స్వయంగా వచ్చి అదే పాట పాడాలంట, గెలిస్తే అక్కడే పాటలు కట్టే ఉద్యోగమంట. వచ్చినాక చెప్పుకుందాంలే అనుకున్నాడు. సిగ్గులేని మనిషేం కాదు పాపం, సిగ్గును కూడా బట్టలతో పాటు పెట్టెలో సర్దుకున్నాడు.

బయల్దేరే పొద్దున గడప దాటబోతే ఎదురుగా గోవిందమ్మ. బస్సు దిగి నేరుగా వచ్చింది. చేతిలో పళ్లెం, పళ్లెంలో ఆకూవక్కా.

"ఇదేందక్కా?"

"నీ పాట ఒకటి నాకియ్యి నాయనా. గొర్రెల్ని పిలిచేదానికి."

"అది నీదే కదక్కా!"

"నా నోట్లో లేనిది నాదెట్లయితాది? మర్యాదగా అడుగుతాండా. ఇయ్యలేనంటే ఏమనుకోను."

తిట్టినా బాగుండు. చెంప పగలగొట్టినా బాగుండు. తన సొంత సొమ్ము కోసం అక్క పళ్లెం పట్టుకుని నిలబడితే కాశయ్య తల ఎత్తలేకపోయినాడు.

సాగనంపడానికి వచ్చిన నతానియేలు మెల్లగా అన్నాడు, "పళ్లెం అందుకుంటే రైలెక్కినా దండగే కాశయ్యా. అక్కడేం పాడతావు?"

కాశయ్య పెట్టె కింద పెట్టి రెండు చేతులా పళ్లెం అందుకున్నాడు. మరుక్షణం ఆ పాట ఎట్ల మొదలవుతాదో కూడా గుర్తు రాలేదు. నతానియేలు కాగితం మీది స్వరాలు కూడా చెరిగిపోయినాయి. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని చర్చికి పోయినాడు.

మధ్యాహ్నానికి అక్కాతమ్ముళ్లు బావి దగ్గరున్నారు. గోవిందమ్మ పాడింది. గొర్రెలు దుమ్ము లేపుకుంటా గుట్ట దిగి వచ్చి తొట్టి చుట్టూ మూగినాయి. మంద సగం కూడా లేదు.

గోవిందమ్మ గుట్ట వైపు తిరిగి మళ్లీ పాడింది.

"అవి ఇంక రావక్కా," అన్నాడు కాశయ్య ఏడుస్తా.

"తెలుసు," అంది. అని మళ్లీ పాడింది.

కాశయ్య బావిలోకి బొక్కెన దించినాడు. ఆ రోజే కాదు, బతికినన్నాళ్లూ అక్కడే నీళ్లు తోడినాడు. రాని వాటికి కూడా తొట్టి నింపినాడు.