బయటి గొళ్ళెం

"నీ చేతి రోటీ ఎంత గుండ్రంగా వస్తుంది సమ్మక్కా, మా ఇంటి వంటమనిషికి కూడా ఇలా రాదు" అంది ట్రస్టు తరఫున వచ్చే హేతల్‌బెన్, మాస్కు గడ్డం కిందికి లాగి. పొగడ్తే అనుకుంది కాబోలు. సమ్మక్క ఇంకో రోటీ ఒత్తసాగింది. మే నెల ఎండకు బడి వరండా రేకులు కాలిపోతున్నాయి, ఇటుకల పొయ్యి సెగ మొహానికి కొడుతోంది, ముందున్న పిండి ముద్ద ఎంత ఒత్తినా తరగడం లేదు. తెల్లారి లేచింది మొదలు ఈ ఆశ్రయ కేంద్రంలో ఆడవాళ్లంతా ఇదే పని మీద ఉంటారు. ట్రస్టువాళ్లు దీనికి సేవ అని పేరు పెట్టారు. వేపచెట్టు నీడలో కూర్చుని పేకాడుకుంటున్న మగవాళ్లకు మాత్రం సేవ గురించి ఎవరూ చెప్పినట్టు లేదు. మొన్న గుజరాతీ పేపర్లో ఫోటో పడింది. అందులో అప్పడాల కర్ర హేతల్‌బెన్ చేతిలో ఉంది. సూరత్‌లోని అడాజన్ కాలనీ మహిళలు వలస కూలీల కోసం స్వయంగా రోటీలు చేస్తున్నారని కింద రాశారు. సమ్మక్కకు గుజరాతీ చదవడం వచ్చు, అదే ఆమె ఖర్మ. రాకపోతే నవ్వుకుంటూ ఫోటో చూసి ఊరుకునేది.

ఆమె పుట్టింది సూరత్‌లోనే. తండ్రి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద బతికినవాడే. పెళ్లి మాత్రం సొంత కులం, సొంత జిల్లా అని చూసి కరీంనగర్ దిక్కు నర్సింగానికి చేశారు. అతను కూడా సాంచాలు నడపడానికి సూరత్ పక్కనున్న జోల్వాకు వచ్చాడు. అతను సాంచాల మీద గుడ్డ నేస్తే, ఆమె ఒంటిగది ఇంట్లో కూర్చుని చీరలకు చమ్కీలు అతికించేది. కూతురు సంగీతను చదువు కోసం ఊళ్లో అత్త కొమురవ్వ దగ్గర ఉంచారు. లాక్‌డౌన్ పడగానే సాంచాల యజమాని శేఠ్ ఫోను ఎత్తడం మానేశాడు, గది యజమాని సామాన్లు బయట పెట్టాడు. ఇక చేసేదేముంది, అందరితో పాటు మూటలు నెత్తిన పెట్టుకుని హైవే పట్టారు. పోలీసులు ఆపారు. ఊరు పోవడానికి వీల్లేదన్నారు. ఉండడానికి చోటేదని అడిగితే లారీ ఎక్కించి ఈ బడిలో దింపారు. మీరు మా అతిథులు అని గేటు దగ్గర మైకులో చెప్పి, ఆ వెంటనే గేటుకు తాళం వేశారు. అతిథులకు తాళం వేసే ఇల్లు ఎక్కడైనా ఉంటుందా అని సమ్మక్క ఆ రోజే అడగాల్సింది. అడగడానికి అప్పటికి ఒంట్లో ఓపిక లేదు.

గేటు తాళం సంగతి వేరు, అది అందరిదీ. ఆడవాళ్ల హాలుకు ఇంకో తాళం పడింది. వచ్చిన కొత్తలో ఒకడు తాగివచ్చి కిటికీలోంచి తొంగిచూశాడు. వాడెవడో అందరికీ తెలుసు. ఇప్పటికీ అదే వేపచెట్టు కింద పేకాడుతున్నాడు, వేళకు రోటీలు తింటున్నాడు. వాడిని ఒక్క మాట అన్నవాళ్లు లేరు. మర్నాటి నుంచి మాత్రం పొద్దుగూకగానే ఆడవాళ్లను లోపలికి తోలి బయట గొళ్ళెం పెట్టి, వాచ్‌మన్ తాళం వేయడం మొదలుపెట్టాడు. లోపలి గడియను బడివాళ్లు ఎప్పుడో పీకేశారట, పిల్లలు అల్లరికి వేసుకుంటున్నారని. తలుపు మీద మేకుల బెజ్జాలు మాత్రం మిగిలాయి. పాయిఖానాలు ఆవరణకు అవతల ఉన్నాయి. అంటే తెల్లారేదాకా హాలు మూలన పెట్టిన బకెట్టే దిక్కు. అంతమంది ఆడవాళ్లకు ఒక్క బకెట్టు, అడ్డంగా పాత దుప్పటి. వాచ్‌మన్‌ను పిలవొచ్చు కదా అంటారు. పిలిచారు. కంచం మోగించి మోగించి పిలిస్తే వచ్చి, తాళం తీస్తూ అతను వేసిన జోకు ఒక్కసారి విన్న ఆడది రెండోసారి పిలవలేదు. పగలు పోదామన్నా ఆ పాయిఖానాలకు తలుపులు లేవు, చిన్నపిల్లలకు కట్టినవి. దేశం మొత్తానికి చీరలు నేసి పంపే ఊళ్లో ఆడదాని చాటుకు గజం గుడ్డ దొరకలేదు. ఒకరు కూర్చుంటే ఇంకొకరు కొంగు పరిచి నిలబడేవారు. ఈ బాధ పడలేక చాలామంది మధ్యాహ్నం దాటితే నీళ్లు తాగడం మానేశారు.

ఇదంతా నర్సింగానికి చెప్తే అతను చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నాడు. సాంచాల చప్పుడుకు అతనికి సగం వినిపించదు, మిగతా సగం వినాలని ఉండదు.

"పుక్కట్‌ల అన్నం వెడుతున్నరు, నెత్తి మీద కప్పు ఉన్నది. ఇంకేం గావాలెనే నీకు? తాళం ఏసేది మీ మంచికే గద."

మీ మంచికే. సమ్మక్క ఆ మాట ఎక్కడ విన్నదో వెతుక్కోనక్కర్లేదు. పెళ్లయిన కొత్తలో నర్సింగం రాత్రి పాళీకి పోతూ గదికి బయట తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని పోయేవాడు. జోల్వాలో మంచివాళ్లు ఉండరట, ఆమె మంచికేనట. ఒకసారి పక్క గదిలో వైర్లు కాలి పొగ కమ్మితే ఆమె కిటికీ ఊచలు పట్టుకుని మొత్తుకుంది. ఇరుగుపొరుగు నీళ్లు చల్లి ఆర్పారు గానీ, తాళం పగలగొట్టడానికి మాత్రం ఎవరికీ చేతులు రాలేదు. మొగుడు వేసిన తాళమాయె. పొద్దున్నే వచ్చి అతను అన్నదొక్కటే, "ఏం కాలేదు గద" అని. అత్తకు ఫోన్ చేసి ఏడిస్తే ఆమె ఇంకో మెట్టు పైకెక్కింది. "తాళం ఏసిండంటె నిన్ను పానం లెక్క సూసుకుంటుండన్నట్టు. నీకే సోయి లేదు." అప్పుడు సమ్మక్క నమ్మింది కూడా. ప్రేమంటే ఇలాగే ఉంటుంది కాబోలు, తనకే తెలియదనుకుంది. ఇన్నేళ్లకు సర్కారు, ట్రస్టు కలిసి అదే ప్రేమ చూపిస్తుంటే ఆమెకు కడుపు మండిపోతోంది. అప్పుడు నమ్మినందుకు తన మీద కూడా అంతే మండుతోంది.

ఆ మధ్యాహ్నం పొయ్యి దగ్గర నవత కూలబడింది. కడుపుతో ఉన్న పిల్ల, ఎనిమిదో నెల. మొగుడు వినోద్ మగవాళ్ల వైపు ఉన్నాడు. నవత పెదాలు తెల్లగా పగిలి ఉన్నాయి. సమ్మక్క ఒళ్లో తల పెట్టుకుని చెంబు నోటికి అందిస్తే మొహం తిప్పుకుంది.

"వద్దక్కా. పొద్దుగూకినంక మల్ల బకీటు కాడికి పోవాలె. కూసుంటె లేవస్తలేదు. పోసేటప్పుడు మంట లేస్తంది."

"తాగు. నేను లేపుతా."

"రోజు ఎంతమందిని లేపుతవక్కా" అంది నవత. కళ్లలో నీళ్లు కూడా సరిగ్గా రాలేదు, ఒంట్లో ఉంటే కదా.

సమ్మక్క లేచి పిండి చేతులతోనే హేతల్‌బెన్ దగ్గరికి పోయింది. హాలుకు లోపల గడియ పెట్టించమని, తాళంచెవి ఆడవాళ్లలో పెద్దదైన వెంకటవ్వ దగ్గర ఉంచమని గుజరాతీలో అడిగింది. హేతల్‌బెన్ జాలిగా వింది. చెడ్డమనిషి కాదామె, జాలికి లోటు లేదు. "చూద్దాం సమ్మక్కా. కానీ రేపేదైనా జరిగితే జవాబు మేం చెప్పాలి కదా. మీ భద్రత కోసమే" అంది. అంతలోనే ఆమెకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. రేపు ఒక పెద్ద సారు చూడ్డానికి వస్తున్నాడు, వీడియో తీస్తారు. సమ్మక్క గుజరాతీ చక్కగా మాట్లాడుతుంది కాబట్టి ఆమే మాట్లాడాలి. పెద్దగా ఏమీ లేదు, ఇక్కడ మా ఇంట్లో ఉన్నట్టే ఉంది అని చెప్పి దండం పెడితే చాలు. కరీంనగర్ వైపు పోయే మొదటి బస్సులో మీ ఇద్దరి పేర్లూ రాయిస్తానంది.

ఈ మాట నర్సింగానికి క్షణంలో చేరింది. సమ్మక్క నవతను హాల్లో పడుకోబెడుతుంటే కిటికీ దగ్గరికి నవ్వుకుంటూ వచ్చాడు. "రెండు ముక్కలు చెప్తె నీ సొమ్మేం పోతది? బిడ్డను సూడాలని లేదా నీకు?" అన్నాడు.

ఉంది. ఆ పిల్లను చూడాలని ఎంత ఉందంటే, సమ్మక్క ఆ రెండు ముక్కలూ మనసులో అప్పుడే అనుకుంటోంది. నవత బాధ నవతది, బకెట్టు ఎక్కడికీ పోదు, తన బిడ్డకు తనొక్కతే తల్లి. అబద్ధమా అంటే అబద్ధమే. ఈ జన్మలో అత్త ముందు, శేఠ్ ముందు, చుట్టాల ముందు అంతా బాగానే ఉందని చెప్పినవాటిలో ఇదొకటి. చెప్పేస్తానని తలూపింది. ఆ సంతోషంలో నర్సింగం అడక్కుండానే ఫోన్ కలిపి ఊచల్లోంచి అందించాడు.

"అమ్మా" అంది సంగీత. గొంతు నీరసంగా ఉంది.

"ఏంది బిడ్డా, పానం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్న. నాయినమ్మ ఉపాధి పనికి పోయింది. ఫోను నాకాన్నే ఇడిసిపెట్టింది."

"మరి బయట ఆడుకోకపోయినవా?"

"బయటికెల్లి గొళ్ళెం పెట్టిపోతది గదా. రోజు గట్లనే. కరోనా వచ్చింది, ఆడివిల్ల వాడల తిరుగద్దట. నా మంచికేనట అమ్మా."

సమ్మక్క ఊచ పట్టుకుంది. "మరి ఒంటికి వస్తె?"

"బకీటు పెట్టింది. నాకు వాసనొస్తది. గందుకే నేను నీళ్లే తాగుత లేను, నాయినమ్మ వచ్చేదాక" అంది సంగీత, లెక్క బాగా చేశానని టీచరుకు చెప్పినంత మామూలుగా.

ఆ తరువాత పిల్ల ఇంకేదో చెప్తూనే ఉంది, కుక్కపిల్ల గురించి. సమ్మక్క ఊ కొట్టింది. ఫోను తిరిగి ఇచ్చేటప్పుడు నర్సింగం "ఏమంటంది?" అని అడిగాడు. "ఇల్లు లెక్కనే ఉన్నదట" అంది. అతనికి సగమే వినిపించింది, నవ్వి వెళ్లిపోయాడు.

మర్నాడు పెద్ద సారు వచ్చాడు. బకెట్టు దాచేశారు, దుప్పటి మడిచేశారు, తలుపుకు బంతిపూల దండ కట్టారు. హేతల్‌బెన్ ఫోను ఎత్తి పట్టుకుని కళ్లతోనే సైగ చేసింది. సమ్మక్క ఉతికిన చీర కొంగు సర్దుకుని, అందరికీ అర్థమయ్యే గుజరాతీలో నిదానంగా మొదలుపెట్టింది.

"నిజం సారు, ఇక్కడ మా ఇంట్లో ఉన్నట్టే ఉంది. ఇంట్లోనూ వండేది మేమే, ఆఖరున మిగిలింది తినేదీ మేమే. తప్పు చేసినవాడు బయట తిరుగుతాడు, తాళం మాకు పడుతుంది. తాళంచెవి మగవాడి జేబులో ఉంటుంది. ఎందుకని అడిగితే మీ మంచికే అంటారు. ఈ పిల్ల ఎనిమిదో నెలలో ఉండి నీళ్లు తాగడం మానేసింది, ఉచ్చ వస్తుందని భయపడి. మీరు మమ్మల్ని అతిథులంటున్నారు. మీ ఇంటికి వచ్చిన చుట్టాలకు మీరు బకెట్టు ఇస్తారా?"

ఫోను ఎప్పుడు కిందికి దిగిందో ఆమె చూడలేదు. పెద్ద సారు గడియారం చూసుకున్నాడు. ఆయన కారు గేటు దాటకముందే హేతల్‌బెన్ మొహం ఎర్రబడింది. "నీకోసం బస్సు మాట్లాడాను నేను" అంది.

"మీ బస్సు మీ దగ్గరే ఉంచుకోండి బెన్. హాలుకు లోపల గడియ పెట్టించండి. అందాకా ఈ చేతులు పిండి ముట్టవు" అంది సమ్మక్క. పోయి పొయ్యికి దూరంగా గోడకు ఆనుకుని కూర్చుంది. ముందు వెంకటవ్వ వచ్చి పక్కన కూర్చుంది. తరువాత నవత, తరువాత ఒక్కొక్కరే అందరూ. ఎవరూ నినాదాలు చెయ్యలేదు. పొయ్యి చల్లారింది, అంతే.

నర్సింగం మొహం మీదే తిట్టాడు. "బిడ్డ మొకం సూడకుంట చేసినవ్. నీ నోరు పాడుగాను." బస్సు పోయినందుకు ఆమె గుండె అతని కన్నా ఎక్కువే మండుతోంది, అది అతనికి తెలియజెప్పే ఓపిక లేదు. మధ్యాహ్నం దాటింది. పేకాట ఆగింది. లాక్‌డౌన్లో వడ్రంగి దొరకడని, పై నుంచి పర్మిషన్ కావాలని ట్రస్టువాళ్లు అన్నారు. ఆడవాళ్ల ఉచ్చకు కదలని లోకం మగవాళ్ల ఆకలికి కదిలింది. సాయంత్రానికి వినోద్, ఇంకో ఇద్దరు సాంచాల మిస్త్రీలు పానాలు, స్క్రూడ్రైవర్లు పట్టుకుని వచ్చి బయటి గొళ్ళెం ఊడబీకి లోపలి బెజ్జాలకు బిగించారు. వడ్రంగీ రాలేదు, పర్మిషనూ రాలేదు. హేతల్‌బెన్ చూసీచూడనట్టు అటు తిరిగి ఫోన్ మాట్లాడుకుంది. ఒకటికి రెండుసార్లు వేసి తీసి చూసి, నవత చెంబెడు నీళ్లు గటగటా తాగింది.

సమ్మక్క చేతులు కడుక్కుని నర్సింగం దగ్గరికి పోయి, ఫోనుకు చెయ్యి చాపింది. అతను ఏమనుకున్నాడో, జేబులోంచి తీసి ఇచ్చాడు. అవతల అత్తే ఎత్తింది.

"అత్తా, రేపటి సంది సంగీతకు బయటికెల్లి గొళ్ళెం పెట్టకు. పనికాడికి ఎంటవెట్టుకపో. ఉంటనంటె లోపట గడియ దాన్నే ఏసుకోనియ్యి."

పెళ్లయినప్పటి నుంచి అత్తకు ఎదురు చెప్పని కోడలు. కొమురవ్వ గొంతు పెంచింది. "నేనేమన్న పరాయిదాన్నా? దాని మంచికే గద ఏసింది."

నర్సింగం పక్కనే నిలబడి వింటున్నాడు. ఈసారి అతనికి అంతా వినిపించేలా సమ్మక్క గట్టిగానే చెప్పింది. "నా మంచికని నీ కొడుకు ఏసిండు. ఈడ సర్కారోళ్లు ఏసిండ్రు. ఇగ నువ్వు నా బిడ్డకు ఏస్తివి. బస్సు లేకపోతె నడిచైనా వస్త అత్తా. వచ్చిన్నాడు ఆ గొళ్ళెం బయట కనవడ్డదంటె, నా బిడ్డను తీస్కొని పోత. మల్ల నీ కొడుకు ఇంటికి రాను."