గిన్నెలు తిరిగొచ్చిన వార్త

నేను ఒక చేతి మైకుని. మెల్లగా మాట్లాడటం నాకు రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. అందుకే ముందు తిట్టాల్సినవాళ్లను తిట్టి, తర్వాత నా కథ చెబుతాను. పిల్లలు ఇళ్లకు పోయిన నెల చూసుకుని బడిలో మనుషుల్ని మార్చే పెద్దలారా, తప్పు మీది. ఏప్రిల్లో చూసిన ముఖం జూన్‌లో ఉండదు. కుర్చీ అదే, కూర్చున్న మనిషి వేరు. ఏమైందని పిల్ల అడిగితే "ట్రాన్స్‌ఫర్ అమ్మా, క్లాసుకి పో" అంటారు. వెళ్లినవాళ్లు చెప్పి వెళ్లలేదు, ఉన్నవాళ్లు చెప్పనివ్వలేదు. ఏళ్ల తరబడి ఇదే పని చేస్తూ దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టుకున్నారు. దొంగచాటు వ్యవహారం అని నేనంటాను.

ఇక నా పుట్టుక. ఢిల్లీ శివార్లలో ఒక రేకుల షెడ్డులో తయారయ్యాను. ముందు గరాటు మూతి, వెనక పిడి, పిడి మీద రెండు మీటలు. ఒకటి నొక్కితే మాట, రెండోది నొక్కితే సైరను. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టిన మహానుభావుడెవరో గానీ, మనుషుల వేళ్ల మీద ఆయనకు బాగా నమ్మకం ఉన్నట్టుంది.

నన్ను మొదట కొన్నది గుంటూరు మిర్చి యార్డులో హమాలీల నాయకుడు. నా చదువంతా అక్కడే. ఏ అక్షరం ఎక్కడ ఒత్తితే జనం లేస్తారో ఆయన గొంతులోంచే పట్టుకున్నాను. యార్డు ఘాటుకు సగం నినాదం, సగం తుమ్ము వచ్చేవి. ఆయన తుమ్మితే వెనకున్నవాళ్లు అదీ నినాదమే అనుకుని పిడికిళ్లు ఎత్తేవాళ్లు. తర్వాత ఎన్నికల ఆటో ఎక్కాను. పొద్దున ఒక పార్టీ, సాయంత్రం ఇంకో పార్టీ. నన్ను పట్టుకున్న కుర్రాడు రెండు పూటలా అదే ఆవేశంతో అరిచేవాడు. ఎన్నికలయ్యాక ఉల్లిపాయల బండివాడి చేతిలో పడ్డాను. నిజం చెప్పాలంటే నేను పలికిన మాటల్లో అబద్ధం తక్కువగా ఉన్నది ఆ ఉల్లిపాయల కాలంలోనే.

అక్కడి నుంచి నన్ను బేరమాడి తెచ్చుకున్నవాడు బాలశౌరి మాస్టారు. తెరేసాపురంలో సిస్టర్లు నడిపే పునీత అన్నమ్మ బాలికల హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. చుట్టూ మిర్చి కల్లాలు, మధ్యలో బడి, బడి పక్కనే సిస్టర్లుండే కాన్వెంటు, ఎదురుగా ఊరివాళ్లు గుడి అనే చర్చి. బడికి పెద్ద మైకు సెట్టు ఉంది గానీ, కరెంటు సరిగ్గా ప్రార్థన వేళకే పోయేది. అందుకని పొద్దున్నే అసెంబ్లీలో నాకు పని పడింది.

ఆ బడికి హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ థెక్లా. పొట్టి మనిషి, పెద్ద పెద్ద అంగలు. ఆమె వచ్చాక అసెంబ్లీలో ఒక కొత్త పని పెట్టింది. ప్రార్థన, ప్రతిజ్ఞ, ప్రపంచ వార్తలు అయ్యాక, రోజుకో పిల్ల ముందుకొచ్చి ఊరి వార్తలు చెప్పాలి. పేపర్లో రానివి, ఎవరింట్లో ఏం జరిగిందో అవి. నా బతుకులో నేను పలికిన మంచి మాటలన్నీ ఆ కాసేపట్లోనివే.

"ఆరో తరగతి విమల వాళ్ల నాయనమ్మకి కంటి ఆపరేషన్ అయింది. మామిడికాయలు ఎవరు కోస్తన్నారో ఇప్పుడు కనపడతందని చెప్పమంది."

"మా తమ్ముడికి ఆదివారం జ్ఞానస్నానం ఇచ్చారు. ఫాదర్ గారు నీళ్లు పోస్తే ఏడవలేదు, పేరు చదివినాక ఏడ్చాడు."

"మా గేదె ఈనింది. జున్ను కావాల్సినవాళ్లు గిన్నె తెచ్చుకోండి. ఇట్లు, ఏడో తరగతి హసీనా."

బడి మొత్తం నవ్వేది. సిస్టర్ థెక్లా అందరికంటే ముందు నవ్వేది. కానీ ఇన్ని వార్తలు చెప్పుకున్న ఆ గ్రౌండులో ఒక్క వార్త మాత్రం ఎప్పుడూ పలకలేదు. ఏ సిస్టరు ఎప్పుడు ఎక్కడికి వెళ్లిపోతోంది అన్నది. పై నుంచి మాట వస్తుంది, వాళ్లు తలవంచుతారు, పెట్టె సర్దుకుంటారు, మే నెల ఎండలో ఎవరూ లేని గేటు దాటి బస్సెక్కుతారు. అంతే.

ఆ దెబ్బ గట్టిగా తగిలింది స్లీవమ్మకి. స్లీవ అంటే సిలువ. ఆ పేరు పెట్టుకుంది గానీ, సిలువ తను మోసే రకం కాదు, ఎదుటివాళ్ల చేత మోయించే రకం. ఏడో తరగతిలో సిస్టర్ ఆరోగ్యం దగ్గర హార్మోనియం నేర్చుకుంది. ఒక పాట సగం వచ్చింది. మిగతా సగం సెలవులయ్యాక అనుకున్నారు. జూన్‌లో వచ్చేసరికి హార్మోనియం మీద గుడ్డ కప్పి ఉంది, సిస్టర్ ఆరోగ్యం లేదు. ఆ పిల్ల నేరుగా ఆటసామాన్ల గదికి వచ్చింది. నేను మేకుకి వేలాడుతున్నాను. మాస్టారు బంతికి గాలి కొడుతున్నాడు.

"చెప్పకుండా ఎట్టా పోద్ది మాస్టారూ? సగమే నేర్పింది."

"అది వాళ్ల పద్ధతమ్మా."

"పద్ధతి వాళ్లది. పాట నాది గదా."

మాస్టారు గాలి కొడుతూనే ఉన్నాడు. బంతి నిండిపోయినా కొట్టాడు.

ఆ పిల్ల తొమ్మిదో తరగతికి వచ్చిన ఏడాది, ఏప్రిల్ చివర్లో సిస్టర్ థెక్లా అదే గదికి వచ్చింది. సామాన్ల లెక్క చూసుకోవాలంది. ఎందుకని మాస్టారు అడిగాడు. అరకు దగ్గర బడికి వేశారని చెప్పింది. ఆమె స్థానంలో జూన్‌కి సిస్టర్ డొమినికా అని కొత్తామె వస్తుందట.

"పిల్లలకి చెప్పరా సిస్టర్ గారూ?"

"చెబితే ఏడుస్తారు. వాళ్లని చూసి నేనూ ఏడుస్తాను. మేం పొగడ్తల కోసం రాలేదు మాస్టారూ. వచ్చినట్టే వెళ్లాలి."

"ఏడిస్తే ఏమవుద్దండీ. గ్రౌండు కాస్త తడుస్తది. దుమ్మన్నా అణుగుద్ది."

"మీ నోట రాదని మాటివ్వండి."

ఇచ్చాడు, మెతక మనిషి. నన్ను మాత్రం ఎవరూ మాట అడగలేదు.

ఇక్కడ సిస్టర్ థెక్లా ఒక పొరపాటు చేసింది. మర్యాదస్తులు మాత్రమే చేసే పొరపాటు. తెరేసాపురంలో ఈస్టరు వచ్చినా, రంజాన్ వచ్చినా, ఎవరింట్లో పిల్లకు గుడిలో మొదటి సత్ప్రసాదం ఇచ్చినా, ఒక గిన్నె కాన్వెంటుకి వెళ్తుంది. కూరో, బిర్యానీయో, అరిసెలో. సిస్టర్లకు తీరిక ఉండదు, అడిగే ధైర్యం ఇళ్లవాళ్లకు ఉండదు, గిన్నెలు అక్కడే పేరుకుంటాయి. స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించుకునే అలవాటు మీకు తెలిసిందే కదా. కాన్వెంటు వంటగదిలో అల్మరా తెరిస్తే ఊరి జనాభా అంతా బోర్లించి ఉండేది.

ఒకరి వస్తువు దగ్గర పెట్టుకుని ఊరు దాటడం సిస్టర్ థెక్లాకు నచ్చలేదు. గిన్నెలన్నీ తోమించింది. వట్టి గిన్నె ఇవ్వకూడదు కనక ఒక్కో దాంట్లో కాన్వెంటు చెట్టు మామిడికాయలు వేసింది. ఆటోలో పెట్టుకుని స్వయంగా ఇల్లిల్లూ తిరిగి ఇచ్చింది. ఏంటమ్మా విశేషం అంటే, "ఏం లేదు, అల్మరా సర్దుతున్నాం" అంది. అబద్ధం చెప్పడం ఆమెకు అలవాటు లేదు, అది ముఖంలోనే కనిపించిందట.

స్లీవమ్మ వాళ్లమ్మ లూర్దమ్మ గిన్నె అందుకుని, ఆటో మలుపు తిరిగేదాకా చూసి, లోపలున్న కూతుర్ని కేకేసింది.

"ఏమేవ్, గిన్నొచ్చింది. సిస్టరమ్మ పోతంది."

"నీకెట్టా తెలుసు?"

"ఆరోగ్యం సిస్టరు పోయేముందు కూడా మన బేసిను ఇట్టనే వచ్చిందే. అప్పుడు నాకు వెలగలా. మామిడికాయ పప్పు చేసుకుని తిన్నాం."

ఆ సాయంత్రం ఊళ్లో ఆడవాళ్లంతా గిన్నెలు చేతబట్టుకుని గుమ్మాల్లో నిలబడ్డారు. అందరిదీ ఒకటే మాట.

మర్నాడు సెలవులకు ముందు ఆఖరి బడి రోజు. ఊరి వార్తలు ఎవరి వంతో నాకు గుర్తులేదు, స్లీవమ్మది మాత్రం కాదు. ఆమె వరస తప్పించి వచ్చి మాస్టారి చేతిలోంచి నన్ను లాక్కుంది. మాస్టారు గట్టిగా పట్టుకున్నట్టు నటించాడు. ఆ సంగతి నాకు తెలుసు, ఎందుకంటే వేళ్లు అప్పటికే వదిలేశాడు.

"ఊరి వార్తలు. నిన్న మా గిన్నె మా ఇంటికి తిరిగొచ్చింది."

ఆరో తరగతి వరసలోంచి ఒక చెయ్యి లేచింది. "మాదీ వచ్చింది." ఏడులోంచి హసీనా, "మాది రెండొచ్చినయ్." తర్వాత చేతులే చేతులు. మిర్చి యార్డులో ఎన్ని పిడికిళ్లు చూశానో చెప్పలేను గానీ, అంత బాగా లేచిన చేతులు చూడలేదు.

"గిన్నెలన్నీ వచ్చేశాయి," అంది స్లీవమ్మ. "అసలు వార్త ఏందో సిస్టరే చెప్పాలి." నన్ను తీసుకెళ్లి సిస్టర్ థెక్లా చేతిలో పెట్టింది.

సిస్టర్ మాస్టారి వైపు చూసింది. మాస్టారు రెండు చేతులూ చెవులకు పెట్టుకుని, నా తప్పేం లేదన్నట్టు తలాడించాడు. ఆమె నన్ను నోటి దగ్గర పెట్టుకుని మీట నొక్కింది. నొక్కాల్సింది కాదు, పక్కది. సైరను కూసింది. కాకులు లేచాయి, ఎదురుగా గుడిలోంచి ఫాదర్ గారు ఏమైందో అని పరుగెత్తుకొచ్చారు. గ్రౌండు గ్రౌండంతా నవ్వు. ఏడవకూడదని ఆమె చేసుకున్న ఏర్పాట్లన్నీ ఆ నవ్వులో కొట్టుకుపోయాయి. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుని చెప్పింది.

"అరకు వెళ్తున్నాను. చెబితే మీరు ఏడుస్తారని చెప్పలేదు. చూడబోతే మీరు నవ్వుతున్నారు. ఇది ఇంకా అవమానం."

"సిస్టర్, ఆరోగ్యం సిస్టరు ఎక్కడుంది?" స్లీవమ్మ వదల్లేదు.

"అక్కడే, అరకులో."

"అయితే మిగతా సగం పాట ఫోన్లో నేర్పమనండి. నేను ఎదురు చూస్తన్నానని చెప్పండి."

"చెప్తాను తల్లీ. నేను పక్కన కూర్చుని నేర్పిస్తాను."

ఆపైన ఒక చిక్కు వచ్చింది. పిల్లలు పాట పాడాలన్నారు. ఆ బడికి వీడ్కోలు పాట లేదు. ఎందుకుంటుంది? పిల్లలు చూస్తుండగా ఎవరూ వెళ్లనే లేదు. వచ్చిన ఇన్‌స్పెక్టరుకల్లా, బిషప్పుగారికల్లా పాడే స్వాగతం పాట ఒక్కటే వచ్చు. "అదే పాడదాం," అంది స్లీవమ్మ. అప్పుడు మాస్టారికి డ్రిల్లు గుర్తొచ్చింది. స్వాగతం పాట అంటే అతిథి గేటు దగ్గర నుంచి నడిచి రావాలి, పిల్లలు రెండు వరసల్లో నిలబడాలి, డప్పు మోగాలి. ఇంకో రకంగా వాళ్లకు అలవాటు లేదు.

"సిస్టర్ గారూ, మీరు గేటు కాడికి పోయి మళ్లీ రండి."

"వెళ్లిపోయేదాన్ని లోపలికి రమ్మంటారేంటి మాస్టారూ?"

"పద్ధతండీ," అన్నాడాయన. ఆ మాట ఆయన నోట మొదటిసారి బాగుంది.

ఈల ఊదాడు. పిల్లలు వరసలు కట్టారు. రండి రండి మా బడికి, అడుగుపెట్టండి మా ఇంటికి అని నా మూతి దగ్గర నలుగురు గొంతు చించుకున్నారు. వెళ్లిపోతున్న మనిషి కొత్తగా వస్తున్నదానిలా తలొంచుకుని ఆ పెద్ద అంగలతో లోపలికి నడిచింది. ఆమె వెనకే గేటులోంచి లూర్దమ్మ, విమల నాయనమ్మ, హసీనా వాళ్లమ్మ, ఊళ్లో సగం మంది ఆడవాళ్లు. ప్రతి చేతిలో నిన్న తిరిగొచ్చిన గిన్నె. ఈసారి నిండుగా.

"అయ్యో, మళ్లీ గిన్నెలా," అంది సిస్టర్ థెక్లా. "నేను రేపో ఎల్లుండో బస్సెక్కాలి. ఇవెవరు తిరిగిస్తారు?"

"మీరు కడగబాకండి," అంది లూర్దమ్మ. "కొత్తామె తెచ్చిస్తది. మా ఇళ్లు ఆమెకి తెలియొద్దా మరి?"

ఆ పూట గ్రౌండులో తిన్న తిండి నేను తినలేదు గానీ, నా గరాటులో పులిహోర మెతుకులు దొరికాయి. ఎవరు మాట్లాడుతూ తిన్నారో తేలలేదు.

జూన్‌లో సిస్టర్ డొమినికా వచ్చింది. ఆఫీసు తాళం కంటే ముందు ఆమెకు అప్పజెప్పింది ఆ గిన్నెల అల్మరా. గిన్నె మీద పేరు చదువుకుంటూ, దారి అడుగుతూ, ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి ఇంట్లో కూర్చోబెట్టారు, ప్రతి ఇంట్లో పెట్టారు. బడి తెరిచిన రోజు స్లీవమ్మ నన్ను పట్టుకుని మొదటి వార్త చెప్పింది: "కొత్త సిస్టరు వంకాయ తినదంట. మా వీధిలో ఇప్పటికే ఇద్దరు అలిగారు." కొత్త సిస్టరు నా కోసం చెయ్యి చాపి, "తింటాను, గుత్తి వంకాయ అయితే తింటాను" అంది. బడి చప్పట్లు కొట్టింది. కొత్త మనిషి కుర్చీలోకి రావడమంటే ఇట్లా రావాలి.

ఇప్పుడు నేను పాతబడ్డాను. మూతి చిట్లింది, పిడికి నల్ల టేపు చుట్టారు. ఆటసామాన్ల గదిలో మేకుకి వేలాడుతూ అన్నీ వింటూనే ఉన్నాను. మొన్న పాలక కమిటీ పెద్దలు అదే గదిలో బల్లల లెక్క చూడ్డానికి వచ్చి మాట్లాడుకున్నారు. బాలశౌరి మాస్టారు మే నెలాఖరుకి రిటైరవుతున్నాడట. ఆఫీసు గదిలో ఒక శాలువా కప్పి, కూల్‌డ్రింకు ఇచ్చి పంపేద్దామని అన్నారు. పిల్లలెట్లాగూ సెలవుల్లో ఉంటారు కదా, ఇబ్బంది ఉండదు అని కూడా అన్నారు.

మీకు ఇబ్బంది ఉండదు. ఆ మనిషికి ఉంటుంది. బూట్ల తాడు కట్టుకోవడం ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలకు ఉంటుంది. ఆయన నోరు తెరిచి అడగడు, అందుకే నేను అడుగుతున్నాను. మే నెల వద్దు, ఆఫీసు గది వద్దు, కూల్‌డ్రింకు మీరే తాగండి. ఏప్రిల్లో ఆఖరి బడి రోజున, పిల్లలందరూ నిలబడ్డ గ్రౌండులో ఆయన్ని పంపండి. ముందు నన్ను ఆయన చేతికివ్వండి. ఆయన పక్క మీట నొక్కినా తొందరపెట్టకండి. ఆ తర్వాత పిల్లల చేతికివ్వండి, మళ్లీ వెనక్కి అడగకండి. ఫాదర్ గారితో చెప్పి తేదీ ఈ వారమే గుడిలో ప్రకటించండి, కొత్త బ్యాటరీలు ఇవాళే తెప్పించండి.