వడ్డీ తక్కువంట కదా, బాబాయ్

అతను ప్రైవేటు ఫైనాన్సు కంపెనీలో అప్పులు ఇప్పించే ఏజెంటు. అన్న పోయాక, బట్టలు కుట్టి ఇల్లు నడిపే వదిన కాగితాల వ్యవహారాలన్నీ అతనికే వదిలేసింది. కూతురికి ఇంజినీరింగులో సీటొచ్చినప్పుడూ అంతే.

"బ్యాంకులో వడ్డీ తక్కువంట కదా బాబాయ్?" అని అడిగింది ఆ పిల్ల.

"బ్యాంకోళ్లు నెలల తరబడి తిప్పుతారమ్మా. ఈలోగా సీటు పోతుంది" అన్నాడతను.

బ్యాంకు పది రోజుల్లో ఇస్తుందనీ, చదువు పూర్తయ్యేదాకా వాయిదాలు అడగదనీ అతనికి తెలుసు. తన కంపెనీ మొదటి నెల నుంచే వసూలు చేస్తుంది. కానీ ఆ నెల అతని టార్గెట్‌కి ఒక్క కేసు తక్కువ పడింది. తల్లీకూతుళ్ల చేత సంతకాలు పెట్టించేశాడు.

రెండు నెలల తర్వాత వెళ్లేసరికి వదిన మిషను మీద వంగి ఉంది. పక్కన చొక్కాలు గుట్టగా పడి ఉన్నాయి.

"వాయిదా కోసం ఇంకో షాపు పని కూడా ఒప్పుకున్నా. నువ్వు లేకపోతే దీని చదువు ఆగిపోయేదయ్యా" అంది కళ్లు నులుముకుంటూ.

"ఆగేది కాదు వదినా. నేను అబద్ధం చెప్పాను" అంటూ ఉన్నదంతా కక్కేశాడు.

మిషను ఆగిపోయింది. వదిన, "పరాయివాళ్లయితే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. నిన్నేమనను?" అంది.

మర్నాడే అతను సెలవు పెట్టి బ్యాంకుకు వెళ్లాడు. నెల తిరిగేలోగా అప్పు అక్కడికి మారింది. అప్పు ముందే తీర్చినందుకు కంపెనీ వేసిన జరిమానా తన జేబులోంచే కట్టాడు.

వదిన మునుపటిలాగే టీ ఇస్తుంది. పిల్ల మాత్రం హాస్టలు ఫారం పట్టుకుని, అతని ముందునుంచే పక్కింటి టీచరు దగ్గరికి వెళ్లింది.