మీటరు బద్దకు కట్టిన తాళంచెవి

పెళ్లివారికి పట్టుచీరలు పరుస్తుండగానే రెహానాకు మళ్లీ పోటు వచ్చింది. కుడి పక్కటెముకల కింద, వెనకవైపు మొదలై పొత్తికడుపులోకి దిగింది. పళ్ల బిగువున నవ్వుతూ ఇంకో చీర మడత విప్పింది. తిరువూరు మెయిన్ రోడ్డులోని ఆ బట్టల కొట్టులో కస్టమరు ముందు ముఖం మాడ్చుకుంటే జీతంలో కోత.

కొట్టులో ఆడవాళ్ల బాత్‌రూముకు తాళం ఉంటుంది. ఓనరు జగన్నాథరావు ఆ తాళంచెవిని గుడ్డలు కొలిచే పాత మీటరు బద్దకు కట్టి, గల్లాపెట్టె పక్కన పెట్టుకున్నాడు. ఎక్కడో పారేస్తారని కట్టానంటాడు. అసలు సంగతి అందరికీ తెలుసు. ఆ బద్ద పట్టుకుని కొట్టంతా దాటి వెళ్లడమంటే ఊరికి చాటింపు వేయించుకోవడమే. అందుకే అక్కడి ఆడవాళ్లు పొద్దున్నుంచి నీళ్లు ముట్టరు. తాగకపోతే వెళ్లే పనే ఉండదన్న దిక్కుమాలిన తెలివి ఇన్నాళ్లూ ఒకరికొకరు నేర్పుకున్నారు.

నిన్న డాక్టరు సరోజినీదేవి స్కానింగు చూసి, "రోజుకి నీళ్లు ఏమాత్రం తాగుతావమ్మా?" అని అడిగింది.

"కొట్లో ఉన్నంతసేపూ తాగనండి."

"మరి కిడ్నీలో రాయి కట్టదా? చిన్నదేలే, నీళ్లు బాగా తాగితే పడిపోవచ్చు. యూరిన్ ఆపుకుంటే ఇన్‌ఫెక్షన్ కూడా వస్తుంది. చలిజ్వరం వచ్చినా, రక్తం పడినా వెంటనే రా. నీ అంతట నువ్వు నొప్పి బిళ్లలు కొనుక్కుని మింగావంటే ఉన్న కిడ్నీలు పాడవుతాయి."

రాత్రి తల్లి షరీఫాబీ నడుముకు వేడి కాపడం పెడుతూ, "దీంతో నొప్పి తగ్గుద్దిగానీ, మీ ఓనరు బుద్ధి మారుద్దా?" అంది.

ఆ మాట గుర్తొచ్చి రెహానాకు ఒళ్లు మండింది. చీర పక్కన పెట్టి, సంచిలోంచి సీసా తీసి అందరి ముందూ గటగటా తాగింది. ఆ కొట్లోనే తల నెరిసిన జోజమ్మ కళ్లప్పగించి చూసింది.

కాసేపటికి రెహానా గల్లా దగ్గరకు నడిచింది.

"తాళంచెవి ఇవ్వండి సార్."

"పెళ్లి బేరం మధ్యలో ఏంటమ్మా? కాసేపు ఆగలేవా?"

"ఆగీ ఆగీ కిడ్నీలో రాయి కట్టిందండి. ఇంక ఆగను."

పెళ్లివాళ్లు తలలు తిప్పారు. జగన్నాథరావు విసుగ్గా బద్ద ముందుకు తోశాడు. రెహానా గుడ్డలు కోసే కత్తెర అందుకుని దారం పుటుక్కున తెంపింది.

"బద్ద మీరుంచుకోండి సార్, గుడ్డలు కొలవడానికి పనికొస్తుంది. తాళంచెవి మా దగ్గరుంటుంది."

"రేపట్నుంచి పన్లోకి రానక్కర్లేదు" అన్నాడతను గొంతు తగ్గించి.

"రేపటి సంగతి రేపు చూద్దామండి. ఇప్పుడైతే వెళ్లొస్తా."

ఆమె తిరిగొచ్చేసరికి సీసాలో మిగిల్చిన నీళ్లు అయిపోయాయి. జోజమ్మ కొంగుతో మూతి తుడుచుకుంటూ తాళంచెవి కోసం చేయి చాపింది.