తూనీగ పేజీ, పికిలిపిట్ట పేజీ

భాస్కర్ రావు కథలాపూర్ దగ్గర ఒక ఊరి బడిలో సైన్సు సారు. ఊళ్లో అన్నలనే నక్సలైట్లు ఆయన దొరల కుటుంబపు గడీ మీద ఎర్రజెండా కట్టిన ఏడాది ఆయన అన్నదమ్ములు కరీంనగర్ చేరారు. భార్య పుష్పలత కూడా పిల్లలను తీసుకుని వెళ్లింది. ఉద్యోగం వదల్లేక ఆయన ఒక్కడే ఉండిపోయాడు. దొరల ఇల్లని ఊళ్లో ఎవరూ ఆయన గడప తొక్కేవారు కాదు.

పొద్దుపోక ఒక నోటుబుక్కు పెట్టాడు. ఎడమ పేజీ తూనీగది, కుడి పేజీ పికిలిపిట్టది. పికిలిపిట్ట ఏడాది పొడుగునా పెరటి గోరింట పొదలోనే ఉంటుంది, పిల్లల నోటికి పురుగులు తెచ్చి పెడుతుంది, తెల్లవారక ముందే పలుకుతుంది. పసుపు తూనీగలు వానగాలితో గుంపుగా వస్తాయి, గుడ్లను నీటిగుంటలో విడిచి చప్పుడు లేకుండా ఎటో పోతాయి.

తూనీగల కబురు చెప్పేది కల్లు గీసే సమ్మయ్య. చెట్టు దిగి వచ్చి పొలం గట్టున నిలబడేవాడు. "సారూ, ఇయ్యాల ఓ యాభై ఉన్నయ్. పడమటి దిక్కు వోతున్నయ్."

ఆ రెండు మాటల కోసం రావు రోజంతా ఎదురుచూసేవాడు.

శ్రావణంలో పోలీసులు అన్నల కోసం ఇల్లిల్లూ సోదా చేశారు. నోటుబుక్కు ఎస్సై చేతికి చిక్కింది. పైకి చదివాడు.

"పన్నెండో తారీఖు. యాభై. చెరువు దగ్గర ఆగి పడమటికి. చూసింది సమ్మయ్య." తలెత్తి అడిగాడు, "ఎవరు సార్ ఈ యాభై మంది?"

"తూనీగలు."

ఎస్సై నమ్మలేదు. దొరల కుటుంబమని రావును వదిలి, సమ్మయ్యను పట్టుకుపోయారు. మూడు రోజులూ రావు ఠాణా బయట నిలబడి కనిపించిన ప్రతివాడికీ తూనీగల సంగతి చెప్పాడు. నాలుగో రోజు సమ్మయ్యను విడిచారు. మోకాలు విరిగింది. ఇక చెట్టెక్కలేడు.

రావు వాళ్లింటికి వెళ్లాడు. సమ్మయ్య భార్య పోశవ్వ పక్కకు జరిగి దారిచ్చి లోపలికి వెళ్లిపోయింది.

"నా పేరెందుకు రాసిండ్రు సారూ?" మంచం మీంచి అడిగాడు సమ్మయ్య.

"చూసింది నువ్వు గదా. నా పేరు రాసుకుంటే అబద్ధమైతదనుకున్న."

సమ్మయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

దసరా దాటాక ఆ కుటుంబం కోరుట్లకు వెళ్లిపోయింది. పోశవ్వ బీడీలు చుట్టి ఇల్లు నడుపుతోందని రావు విన్నాడు.

రెండేళ్లకు కోరుట్ల బస్టాండులో, పల్లీల గంప ముందు కూర్చున్న సమ్మయ్య కనిపించాడు. రావు ఆ గంప దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"యాడికి సారూ?" సమ్మయ్యే అడిగాడు.

"జగిత్యాల."

"బస్సు ఇప్పుడే పోయింది. ఇంకోటి గంటకస్తది."

అంతే. రావు అక్కడి సిమెంటు బల్ల మీద ఆ గంటసేపూ కూర్చున్నాడు. సమ్మయ్య మళ్లీ తల తిప్పలేదు.