అంకెలు బాగున్నాయి

అమ్మ షుగరు జబ్బును ఫోనుకు అప్పగించింది నేనే. వేలికి సూది గుచ్చి, చుక్క రక్తం స్ట్రిప్‌కి తాకిస్తే చాలు, అంకె నేరుగా డాక్టరుకు చేరుతుంది. ఆసుపత్రిలో లైను కట్టే బాధ తప్పుతుంది. అమ్మ మొదట ససేమిరా అంది. పట్టుబట్టి ఒప్పించాను. ఆ తర్వాత రోజూ పొద్దున్నే అంకెలు వచ్చేవి, అన్నీ ముత్యాల్లాంటివి. డాక్టరు మురిసిపోయి మాత్రలు సగానికి తగ్గించాడు. నేను ఆఫీసులో కనబడినవాళ్లందరికీ గొప్పలు చెప్పుకున్నాను.

నిన్న అమ్మ వాళ్లింటికి వెళ్తే, కుంటుతూ వచ్చి తలుపు తీసింది. చెప్పు కరిచిన చోట పుండు పడి, కాలి బొటనవేలు నల్లబడింది.

"అంకెలు అంత బాగుంటే ఇదేంటమ్మా?"

అమ్మ వెళ్లి కుట్టుమిషను ముందు కూర్చుంది. పక్కన కాజాలు కుట్టాల్సిన తెల్ల చొక్కాల గుట్ట. నాన్న గొంతు సవరించుకుని చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. లాగి చూస్తే వేళ్ల నిండా సూది గాట్లు.

"మీ అమ్మ చెయ్యి చాపమంది, చాపాను. నాకేం తెలుసు?"

నాకు ఒళ్లు మండిపోయింది. షుగరు లేని మనిషి రక్తం చూసి అమ్మ మందు తగ్గించారా! ఈ కాలు పోతే ఎవరిని అడగాలి?

"మతి పోయిందా అమ్మా నీకు?"

"అరవకు. గుచ్చిన వేలితో గుడ్డ పట్టుకుంటే మరక పడుతుందే. మొదటి రోజే ఒక చొక్కా పాడైంది. నీ ఫోను తిన్నావా, నడిచావా అని అడుగుతుంది గానీ, ఏం పని చేస్తావని ఒక్కసారైనా అడిగిందా?"

"నాకు చెప్పొచ్చుగా!"

"చెప్పబోయాను. అంకె బాగుంది, చాలమ్మా అని ఫోను పెట్టేశావు."

"గుడ్డకి తగలని వేలేది?" అని అడిగాను. కాసేపు ఆలోచించి ఎడమ చిటికెన వేలు చాపింది. గుచ్చగానే ఫోను ఎర్రబడి కీచుకీచుమని మోగింది.

"మీ నాన్న రక్తం పెట్టినన్నాళ్లూ శభాష్ అనేది. నిజం చెప్తే ఎలా అరుస్తోందో చూడు," అంది అమ్మ.

వెంటనే డాక్టరు నంబరు నొక్కాను. ఎవరో అమ్మాయి ఎత్తింది. చెప్పింది సగమైనా వినకుండా తీపిగా అంది: "కంగారు పడకండి మేడమ్. మీ అమ్మగారి పాత అంకెలన్నీ చాలా బాగున్నాయి. ఇవాళ్టిది మిషను తప్పయి ఉంటుంది. రేపు మళ్లీ చూడండి."

ఫోను మంచం మీదికి విసిరికొట్టాను.

"నాన్నా, ముందు ఆటో పిలవండి!"