ఐదో మనిషి

లంచ్ బాక్సు మూత బిగిస్తుంటే వెనకనుంచి మొగుడన్నాడు. "వచ్చే నెలనుంచి మా అక్కావాళ్లు మనింట్లోనే ఉంటారు. మనం అనుకున్నాం కదా." ఎప్పుడు అనుకున్నామో ఎంత గింజుకున్నా ఆమెకు గుర్తు రాలేదు. ఆ ఇంట్లో ఏదైనా అంతే. తల్లీకొడుకులు ముందుగదిలో తేల్చేస్తారు, లెక్కలోకి మాత్రం ఆమెనూ వేసుకుంటారు. పైగా "మా ఇంట్లో అందరం కలిసే అనుకుంటాం" అని అత్తగారు చుట్టాల దగ్గర గొప్పలు పోతుంది. ఒళ్లు మండిపోయింది. అయినా బాక్సు ఆయన చేతికిచ్చి ఆఫీసుకు పరుగెత్తింది.

వన్యప్రాణి బోర్డుకు ఆమె ఇన్‌చార్జి కార్యదర్శి. నాలుగేళ్లుగా ఇన్‌చార్జే. చిరుత ఊరి మీదికొస్తే ఉరికేది ఆమె, ఎండాకాలం అడవిలో నీటిగుంటలు చూసొచ్చేది ఆమె, ఛైర్మన్ ఉపన్యాసం రాసిపెట్టేదీ ఆమే. ఆ పోస్టు ఎవరిదో ఇవాళ తేలుస్తారు. ఇవాళ్టితో ఈ బోర్డు గడువు కూడా సరి. సమావేశం మినిట్స్ ముందురోజే టైపు చేసి ఉంచడం ఆ ఆఫీసు ఆనవాయితీ. నియామకం తీర్మానం కూడా తనే కొట్టింది, పేరు దగ్గర ఖాళీ వదిలి. ఆ ఖాళీని చూసి, పిచ్చి మొహం, కాస్త ఆశపడింది కూడా.

కార్యదర్శిగా ఆమెతో కలిపి బోర్డులో తొమ్మిదిమంది సభ్యులు. ఆమె కాక నలుగురే వచ్చారు. ఐదుగురు లేందే కోరం లేదు, తీర్మానం చెల్లదు. "మన అమ్మాయి ఉందిగా, ఐదు" అన్నాడు ఛైర్మన్, ఎప్పటిలాగే. నలభై ఆరేళ్ల ఆ అమ్మాయి హాజరు పుస్తకంలో సంతకం పెట్టి, అందరికీ టీ కప్పులు అందించింది.

పోస్టు సంగతి వచ్చేసరికి ఛైర్మన్ ఆమె జూనియర్ పేరు చెప్పాడు. ఫైలుకు తాడు కట్టడం కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నవాడు.

"అడవుల్లో తిరిగే ఉద్యోగం, నీకెందుకమ్మా ఆ అవస్థ? నీ మంచికే. అందరం అనుకున్నాం కదా."

మరి నాలుగేళ్లూ తిరిగింది ఎవరు, నా దయ్యమా? అని మనసులోనే అడిగి పెన్ను తీసింది. ఖాళీలో పేరు నింపలేదు. తీర్మానం మొత్తం కొట్టేసి కింద రాసింది: 'పదకొండు నలభైకి కార్యదర్శి బయటికి వెళ్లారు. కోరం లేనందున నియామకం జరగలేదు.' కాగితాన్ని ఛైర్మన్ ముందుకు జరిపి, బ్యాగు భుజాన వేసుకుంది.

"ఎక్కడికమ్మా? ఇంకా సంతకాలు కావాలి."

"మీరు నలుగురే సార్."

మెట్లు దిగుతూ మొగుడికి ఫోన్ చేసింది. మీటింగు అప్పుడే అయిపోయిందా అని ఆయన ఆశ్చర్యపోయాడు.

"అయిపోయింది. మీ అక్కావాళ్ల సంగతి సాయంత్రం మాట్లాడదాం," అంది. "అది మనం ఇంకా అనుకోలేదు."